డయాలసిస్‌లో ఉన్న కుటుంబానికి సంఘంగా ఎలా తోడుండాలి?

చిత్తూరు నుంచి ఒక సహోదరి అడిగిన ప్రశ్న ఇది: "నా స్నేహితురాలి భర్తకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తిరుపతి తీసుకెళ్తోంది. మొదట్లో సంఘం వాళ్లు చాలామంది వచ్చి ప్రార్థన చేశారు. ఒకరు 'మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది' అన్నారట. ఇంకొకరు 'విశ్వాసం ఉంటే డయాలసిస్ ఎందుకు' అన్నారట. ఇప్పుడామె చర్చికి రావడం మానేసింది. ఫోన్ చేస్తే 'దేవుడికి నేనేం చేశాను' అని ఏడుస్తోంది. నాకు వాక్యం చెప్పడం రాదు. ఏం మాట్లాడాలో తెలియక వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?"

వెళ్లండమ్మా. ఈ వారమే వెళ్లండి. వాక్యం చెప్పడం రాదన్నారు చూశారా, ఆ ఇంటికి ఇప్పుడు అలాంటి మనిషే కావాలి. చెప్పడం వచ్చినవాళ్లు ఇప్పటికే చాలామంది వెళ్లొచ్చారు.

నేను నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తిరుపతిలో మా సంఘం స్త్రీల కూడిక తరఫున ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లను చూడటానికి వెళ్తుంటాను. చూడటానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయాక రోగి ఎలా ఉంటాడో డ్యూటీలో ఉన్న నర్సుకు కనిపిస్తుంది. కొందరు వచ్చి వెళ్తే ఆయన కాసేపు నిద్రపోతాడు. కొందరు వచ్చి వెళ్తే గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆ రెండో రకం వాళ్లు కూడా ప్రేమతో వచ్చినవాళ్లే, పనులు మానుకుని బస్సెక్కి వచ్చినవాళ్లే. అందుకే ఈ సంగతి నాకు ముఖ్యం. మన సంఘాల్లో ప్రేమ తక్కువై మనుషులు గాయపడటం లేదు. ఆ ప్రేమతో ఏం చేయాలో తెలియక గాయపడుతున్నారు.

నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది. కష్టంలో ఉన్నవాళ్ల విశ్వాసం ఎంతుందో తూకం వేసే పని దేవుడు మనకు అప్పగించలేదు. వాళ్లకు విశ్వాసం చాలని రోజున మన విశ్వాసంతో వాళ్లను మోసే పని అప్పగించాడు. మార్కు సువార్త రెండో అధ్యాయం తీసి చూడండి. కపెర్నహూములో పక్షవాయువు వచ్చిన ఒక మనిషిని నలుగురు మోసుకొచ్చారు. జనం మధ్య దారి లేకపోతే ఇంటిపైకి ఎక్కి, కప్పు విప్పి, పరుపుతో సహా కిందికి దింపారు. యేసు వారి విశ్వాసం చూశాడని రాసి ఉంది. పరుపు మీదున్న మనిషి ఆ ఘట్టమంతటిలో నోరు విప్పి ఒక్క మాట మాట్లాడినట్టు లేదు. ఆయనకు నమ్మకం ఎంత ఉందో, దారిలో ఎంత విసుక్కున్నాడో మార్కు చెప్పలేదు. మోసుకొచ్చినవాళ్లు మాత్రం మోశారు, చెమట పట్టినా దింపలేదు, కప్పు అడ్డమొస్తే విప్పారు.

"అక్కడే యేసు పాపక్షమాపణ గురించి మాట్లాడాడు కదా" అని మీ సంఘంలో ఎవరైనా అడగొచ్చు. మాట్లాడాడు. కానీ ఆ మాట అన్నది యేసు. మోసినవాళ్లు దారంతా "నువ్వేం పాపం చేశావు, ఒప్పుకో" అని అడుగుతూ వచ్చినట్టు ఎక్కడా లేదు. అది వాళ్ల పని కాదని వాళ్లకు తెలుసు.

ఆమెను గాయపరిచిన మొదటి మాటకు సమాధానం యేసే సూటిగా చెప్పాడు. పుట్టుగుడ్డివాణ్ని చూసి "ఎవడు పాపం చేశాడు, వీడా, వీడి తల్లిదండ్రులా" అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీణ్ని కన్నవాళ్లూ కాదు అన్నాడు. అది యోహాను తొమ్మిదో అధ్యాయం. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు కూడా, వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతా అందరికంటే అపరాధులని అనుకోవద్దని లూకా 13లో చెప్పాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నంతవరకు బాగానే ఉన్నారు. తర్వాత కారణాలు వెతకడం మొదలుపెట్టారు. వాళ్లు తన గురించి సరైనది మాట్లాడలేదని దేవుడే చివర్లో, వాళ్లలో ఒకడైన ఎలీఫజుతో అన్నాడు. పుస్తకం అంతా చదివిన మనం మళ్లీ ఎలీఫజులా మాట్లాడకూడదు.

రెండో మాట ఇంకా ప్రమాదకరమైనది. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇక్కడ పోయేది ప్రాణం.

కిడ్నీలు పూర్తిగా పాడైన మనిషి డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. దానికి నెలలు అక్కర్లేదు, కొన్ని రోజులు చాలు. కాబట్టి "మాత్రలు మానెయ్, మెషీన్ మానెయ్, దేవుడు చూసుకుంటాడు" అని ఎవరు చెప్పినా, వాళ్లు ఎంత పేరున్న సేవకులైనా, ఆ మాట ఆ ఇంట్లో నిలవనీయకండి. లూకాను పౌలు ప్రియమైన వైద్యుడు అన్నాడు, ఆ పని మానేయమని చెప్పినట్టు లేదు. తిమోతి తరచుగా జబ్బు పడుతుంటే కడుపు కోసం కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తనతో ప్రయాణించిన త్రోఫిము రోగి అయితే మిలేతులో విడిచివచ్చానని మామూలుగా రాశాడు. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని ఆ పత్రికలో ఒక్క ముక్క లేదు. తన శరీరంలో ముల్లు అని పౌలు పిలిచిన బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. స్వస్థత కోసం ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి. సంఘ పెద్దల్ని పిలిచి నూనె రాసి ప్రార్థించమని యాకోబు చెప్పాడు, మా సంఘంలో మేమూ చేస్తాం. ఆ ప్రార్థన అయ్యాక మరుసటి ఉదయం ఆయన్ను బస్సెక్కించి డయాలసిస్‌కు పంపిస్తాం. ఈ రెండింటికీ మధ్య గొడవేమీ లేదు.

ఇదే సందర్భంలో ఒక నర్సు మాట వినండి. ఎవరైనా రోగిని చూడటానికి వెళ్తే మనవాళ్లు కొబ్బరిబోండాలు, అరటిపళ్లు, బత్తాయి జ్యూసు పట్టుకెళ్తారు. మామూలు జ్వరానికి మంచివే. డయాలసిస్ రోగికి వాటిలోని పొటాషియం విషంతో సమానం. ఆయన కాదనలేక తాగితే ఆ రాత్రే ప్రమాదం రావచ్చు. మీరు వండి పట్టుకెళ్లాలనుకుంటే ముందు మీ స్నేహితురాలిని అడగండి, డైటీషియన్ ఇచ్చిన కాగితం ఆమె దగ్గర ఉంటుంది. ఉప్పు తక్కువ, ఊరగాయ అప్పడం వద్దు, కూరగాయ ముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేసి వండమని సాధారణంగా చెప్తారు. తక్కువ సోడియం అని అమ్మే ఉప్పు మంచిదనుకుని కొనకండి, వాటిలో చాలావరకు పొటాషియం కలిసి ఉంటుంది. నీళ్లకూ, మజ్జిగకూ, కాఫీకీ డాక్టరు ఇచ్చిన కొలత ఉంటుంది. "ఎండన పడి వచ్చారు, ఒక గ్లాసు మజ్జిగ తాగండి" అని బలవంతం చేయకండి. చాలామందికి ఒక చేతికి ఫిస్టులా పెట్టి ఉంటారు, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు. ఆ చేతిని గట్టిగా పట్టుకుని ప్రార్థన చేయకూడదు, ఆ చేతికి సంచి తగిలించకూడదు. ఇంత తెలుసుకుని వెళ్తే, ఈమె మా కష్టం గురించి అడిగి తెలుసుకుని వచ్చింది అని వాళ్లకు మీరు చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇక చేయాల్సిన పని. ఇలాంటి జబ్బుల్లో మొదటి నెల ఇల్లు నిండా జనం ఉంటారు. మూడో నెలకు ఫోన్లు తగ్గుతాయి. ఆరో నెలకు భార్యాభర్తలిద్దరే మిగులుతారు. డయాలసిస్ మాత్రం అలాగే సాగుతుంది. ఒక్కోసారి నాలుగు గంటలు మెషీన్ మీద, ముందు వెనక ఎదురుచూపులు, రానూ పోనూ ప్రయాణం. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లు. మెషీన్ మీది నుంచి దిగాక ఆయనకు బీపీ పడిపోయి కళ్లు తిరుగుతుంటాయి. శని ఆదివారాల్లో, సెలవుల్లో కొండకు వచ్చే భక్తులతో తిరుపతి బస్టాండు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ రద్దీలో ఆయనకు సీటు దొరకబుచ్చుకోవడం కోసం ఆమె పడే అవస్థ ఏ ప్రార్థన విన్నపంలోనూ రాయరు.

కాబట్టి మీ సంఘంలో నాలుగు కుటుంబాల్ని చూసుకోండి. ఎక్కువ వద్దు, అందరిదీ అనుకుంటే చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది. మీలో ఒకరు వారంలో ఒక డయాలసిస్ రోజు ఆయనతో వెళ్లండి, ఆమెకు ఆ రోజు సెలవు దొరుకుతుంది. కారో ఆటోనో ఉన్నవాళ్లు తిరుగు ప్రయాణం చూసుకోండి. ఇంకొకరు డయాలసిస్ రోజు సాయంత్రం పిల్లలకు అన్నం పెట్టి, హోంవర్కు చేయించండి. తిరుపతిలో మీ సంఘం వాళ్ల బంధువులు ఎవరైనా ఉంటే, ఆసుపత్రి దగ్గర ఆమె మధ్యాహ్నం పూట కాసేపు నడుం వాల్చడానికి ఒక ఇల్లు దొరికినట్టే. "ఏదైనా అవసరమైతే ఫోన్ చెయ్" అని మాత్రం అనకండి. అవసరంలో ఉన్న మనిషి ఫోన్ చేయదు, ఇంకొకరిని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకుంటుంది. "గురువారం నేను వస్తున్నా, నువ్వు ఇంట్లో నిద్రపో" అని చెప్పండి.

మన జిల్లా పక్కనే మనకు కనిపించే సాక్ష్యం ఉంది. పెద్ద జబ్బు అంటే మన చిత్తూరువాళ్లకు మొదట గుర్తొచ్చేది వేలూరు. అక్కడ ఆసుపత్రి మొదలుపెట్టిన ఐడా స్కడర్ అమెరికా మిషనరీ కుటుంబంలో పుట్టింది, డాక్టరు కావాలనుకుని వచ్చిన అమ్మాయి కాదు. తమిళనాడులో మిషనరీ డాక్టరైన తండ్రి దగ్గర ఉన్నప్పుడు ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి ప్రసవవేదనలో ఉన్న తమ భార్యల్ని చూడమన్నారు. మగ డాక్టరును లోపలికి రానీయం అన్నారు. ఆమెకు వైద్యం రాదు. తెల్లారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. దేవుడు అలా ఎందుకు జరగనిచ్చాడో వివరించడానికి ఆమె కూర్చోలేదు. వెళ్లి వైద్యం చదువుకుని వచ్చి 1900లో వేలూరులో ఒక్క మంచంతో పని మొదలుపెట్టింది. ఈ రోజు మనం సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి అంటున్నది దాని కొనసాగింపే.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం మన సంగతికి ఇంకా బాగా సరిపోయే ఉదాహరణ. వేర్వేరు మిషన్లు కలిసి 1912లో మొదలుపెట్టిన క్షయ (టీబీ) శానిటోరియం, అంటే ఆ రోగులను ఉంచుకుని చూసే ఆసుపత్రి, 1915లో ఇప్పుడున్న చోటికి వచ్చింది. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1940లలో. అంటే ఇంచుమించు 30 ఏళ్ల పాటు అక్కడి డాక్టర్లు, నర్సులు నయం చేసే మందు చేతిలో లేకుండానే రోగుల దగ్గర ఉన్నారు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, శుభ్రత, పక్కన మనిషి. అంటుకునే జబ్బని తెలిసి కూడా ఉన్నారు. క్రైస్తవ పరిచర్య అంటే స్వస్థత జరిగిన చోటే ఉంటుందనుకునేవాళ్లు ఆ 30 ఏళ్ల గురించి ఆలోచించాలి.

సరే, మాటల సంగతి. మీ భయం దాని గురించే కదా.

వెళ్లగానే ఆమెను అడగాల్సింది ఆయన క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) ఎంత అని కాదు. "నువ్వు తిన్నావా? రాత్రి నిద్రపట్టిందా?" అని అడగండి. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని ప్రాణం తీసేయమని దేవుణ్ని అడిగినప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి కూడా వచ్చి తినమనే చెప్పాడు. దేవుడు ఏలీయాతో మాట్లాడింది ఆ తర్వాత, చాలా దూరం నడిచాక. మన దగ్గర దీనికి తిరగేసి జరుగుతుంది. భర్త కోసం ఆమే ఉపవాసాలు ఉంటుంది, అందరూ మెచ్చుకుంటారు. ఉపవాసం మీరు ఉండండమ్మా, ఆమెకు మాత్రం అన్నం పెట్టండి.

"దేవుడికి నేనేం చేశాను" అని ఆమె ఏడిస్తే "అలా అనకూడదు, దేవుడికి కోపం వస్తుంది" అని నోరు మూయించకండి. ఆ మాట కీర్తనల్లో ఎన్నిసార్లు ఉందో చూడండి. 13వ కీర్తన "ఎంతవరకు" అని మళ్లీ మళ్లీ అడుగుతుంది. 88వ కీర్తన మొదటి నుంచి చివరి వరకు మొరే, చివరి మాట కూడా చీకటి గురించే, ఆశతో ముగించకుండానే దాన్ని బైబిల్లో ఉంచారు. సిలువ మీద యేసు పలికింది 22వ కీర్తన మొదటి మాట. దేవుడి మీద కోపంతో దేవుడితోనే మాట్లాడుతున్న మనిషి విశ్వాసం పోగొట్టుకున్నదని నేను అనుకోను. ఆమె మాట్లాడటం మానేసిన రోజు నేను ఎక్కువ కంగారుపడతాను. కాబట్టి మీరు ఊరికే వినండి. మీరు అనాల్సింది చాలా చిన్నది: "నాకూ అర్థం కావట్లేదు. చాలా బాధగా ఉంది. నువ్వు ప్రార్థన చేయలేకపోతే పర్వాలేదు, నీ బదులు నేను చేస్తా." ఇంటికి వచ్చాక నిజంగా చేయండి.

వాక్యం అసలు ఎత్తకూడదా? ఎత్తొచ్చు. కానీ దేవుణ్ని ప్రేమించేవారికి సమస్తమూ సమకూడి జరుగుతాయి అనే వాక్యాన్ని తాజా గాయం మీద పెట్టకండి. అది సత్యం, నేను నమ్ముతాను, ఆమె కూడా ఒకనాడు తన నోటితో చెప్పవచ్చు. చెప్పాల్సింది ఆమె, మనం కాదు. దుఃఖంలో ఉన్నవాడికి పాటలు వినిపించడం చలిరోజున పైబట్ట తీసేయడం లాంటిదని సామెతలు 25వ అధ్యాయంలోనే ఉంది. ఇంకొకటి, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డు, అంటే కొత్త ఏడాదికని వాక్యం రాసి ఇచ్చేది, వాళ్లింట్లో ఏ బీరువా తలుపుకో అంటించి ఉంటుంది. అందులో ఆరోగ్యం గురించో ఆశీర్వాదం గురించో ఉంటే, దాన్ని చూసినప్పుడల్లా ఆమెకు ఎలా ఉంటుందో ఊహించండి. "వాగ్దానం పట్టుకుని ప్రార్థించు" అని మళ్లీ గుర్తుచేయకండి. ఆమె అడిగితే మాత్రం, లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు మరియ ఏడుపు చూసి ఏడ్చాడని చెప్పండి. తన తోటి పనివాడు ఎపఫ్రొదితు చావుకు దగ్గరైతే పౌలు ధైర్యం నటించలేదు. దుఃఖం మీద దుఃఖం రాకుండా దేవుడు నన్ను కనికరించాడని ఫిలిప్పీయులకు రాశాడు. అంతటి పౌలుకే స్నేహితుడి జబ్బు దుఃఖమైంది.

ప్రార్థన చేసే ముందు "చేయనా?" అని అడగండి. వద్దంటే మానేయండి, నొచ్చుకోకండి. చేస్తే రెండు నిమిషాలు చాలు. డయాలసిస్ యూనిట్‌లో అయితే గొంతు తగ్గించండి, పక్క మంచాల మీద కూడా అలసిపోయిన మనుషులే ఉంటారు, అందరూ మన విశ్వాసం వాళ్లు కారు. ప్రార్థనలో సలహాలు, మందలింపులు కలపకండి. "ప్రభువా, ఈ బిడ్డ అవిశ్వాసాన్ని క్షమించు" అని ఆమె పక్కనే కూర్చుని అనేవాళ్లను విన్నాను. అది ప్రార్థన రూపంలో ఆమెకు వేసిన దెబ్బ.

ఆమె చెప్పినవి బయట చెప్పకండి. వాట్సాప్ గ్రూపులో ప్రార్థన విన్నపం పేరుతో ఆయన రిపోర్టులు, మెషీన్ మీదున్న ఫొటో పెట్టడం చూస్తుంటాం. ఆయన పని పోయి, ఒంట్లో శక్తి పోయి ఇప్పటికే కుంగిపోయి ఉంటారు. పేరు చెప్పి ప్రార్థన అడగాలన్నా ముందు వాళ్ల అనుమతి తీసుకోండి. డబ్బు సాయం చేస్తే ఆమె చేతిలో పెట్టి వచ్చేయండి. సంఘంలో ప్రకటించి, కవరు అందిస్తూ ఫొటో తీసుకోవడం వద్దు. డబ్బు కంటే ఎక్కువ పనికొచ్చేది ఒకటుంది. డయాలసిస్ ఖర్చుకు ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది, డయాలసిస్ రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఆ కాగితాలు పట్టుకుని వార్డు సచివాలయం చుట్టూ తిరిగే ఓపిక ఆమెకు ఉండదు. ఆ తిరగడం మీ సంఘంలో ఆఫీసు పనులు తెలిసిన ఎవరైనా నెత్తినేసుకుంటే, అది చాలా ఉపవాస కూడికలకంటే మేలు. ఇది తేలిగ్గా అనడం లేదు.

ఆయన్ను మర్చిపోకండి. మన దగ్గర సానుభూతి అంతా ఆడవాళ్ల మధ్య నడుస్తుంది. మగాయన మంచం మీద ఒంటరిగా పైకప్పు చూస్తూ ఉంటాడు. మీ సంఘంలో మగవాళ్లు ఇద్దరు వెళ్లి ఆయనతో కూర్చోవాలి. క్రికెట్ గురించి మాట్లాడినా సరే, ఆయన పని గురించి మాట్లాడినా సరే. ఆయనకు తెలిసిన విషయంలో సలహా అడిగితే ఇంకా మంచిది. రోగిగా కాక మనిషిగా ఆయన్ను ఎవరూ పలకరించక చాలాకాలమై ఉంటుంది.

మీరు రాయలేదు గానీ, మన ప్రాంతంలో చాలా కుటుంబాల్లో సగం బంధువులు హిందువులే ఉంటారు. అటువైపు ఎవరో ఒకరు "మతం మారినందుకే ఇలా" అంటారు, ఇటువైపు "విశ్వాసం చాలకే ఇలా" అంటారు. ఆమె మధ్యలో నలిగిపోతుంది. అత్తగారు కొండకు మొక్కుకుని ఆయన తలదగ్గర ప్రసాదం పెడితే దాని మీద మంచం పక్కన వాదన పెట్టుకోకండి. ఆ తల్లి కూడా కొడుకు కోసం తల్లడిల్లుతోంది. రాత్రులు మేలుకుంటున్నది ఆమే అయితే ఆమెకు కూడా కాఫీ ఇవ్వండి, ఆమెను కూడా పడుకోమనండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. ఆయన గానీ ఆమె గానీ "నేను పోతే అందరికీ బరువు తగ్గుతుంది" అన్నట్టు మాట్లాడితే, అలా అనొద్దని దాటేయకండి. "చనిపోవాలని ఆలోచనలు వస్తున్నాయా?" అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, మనసులో ఉన్నది బయటికి వస్తుంది. అవును అంటే ఒంటరిగా వదలకండి, డయాలసిస్ డాక్టరుకు చెప్పండి, టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ ఉచిత సేవ, ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇది కూడా జబ్బులో భాగమే, దాన్ని దురాత్మ అని గానీ అవిశ్వాసం అని గానీ పేరు పెట్టకండి.

మీ పాస్టర్ గారితో కూడా మాట్లాడండి. ఆ మాటలు అన్నది ఎవరో పేర్లు చెప్పి తగువు పెట్టమని కాదు. ఆమెకు అలాంటి మాటలు తగిలాయని, సంఘం తరఫున ఆయనే ఒకసారి వెళ్లి "అలా అని ఉండాల్సింది కాదమ్మా" అని చెప్తే బాగుంటుందని అడగండి. ఆ ఒక్క మాట పాస్టర్ గారి నోటి నుంచి వస్తే, మీరు పదిసార్లు వెళ్లినా మానని గాయం కొంత మానవచ్చు. పాస్టర్ గారు ఒప్పుకుంటే ప్రభువు బల్ల (సంస్కారపు రొట్టె, ద్రాక్షారసం) కూడా ఇంటికి తీసుకెళ్లి ఇవ్వొచ్చు.

చర్చికి ఎప్పుడొస్తావని మీరు అడగకండి. మీ ఇంట్లో ఆమె కూర్చుని కాఫీ తాగుతున్నా, ఆ రోజుకు అదే సహవాసం. ఎప్పుడో ఒక ఆదివారం తనంతట తానే వస్తుంది. ఆ రోజు ఆమె ఎక్కడ కూర్చుంటే అక్కడ, వెనక బెంచీ అయినా సరే, పక్కన కూర్చోండి. సాక్ష్యాల సమయంలో ఎవరో లేచి జ్వరం తగ్గిందని, ఆపరేషన్ బాగా జరిగిందని స్తోత్రం చెప్తారు, చెప్పాలి కూడా. అప్పుడు ఆమె తట్టుకోలేక బయటికి వెళ్తే మీరూ వెళ్లండి. ఆమెను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పించకుండా పాస్టర్ గారికి ముందు రోజే ఫోన్ చేసి చెప్పి పెట్టండి.